గుండ్లకమ్మ రేవున విశ్వాసము

తెలుగువారి నోట విశ్వాసమను మాటకు రెండు ముఖములు కలవు. ఉప్పు తిన్న యింటికి ద్రోహము తలపకుండుట యొకటి; వాకిట కట్టివేసిన కుక్కయందు మనము మెచ్చుకొనునదియు, విశ్వాసఘాతకుడని యొకనిని నిందించునప్పుడు వానియందు కొరవడినదని చెప్పునదియు నీ మొదటి విశ్వాసమే. కంటికి కానరానిదాని నాధారముగా జేసికొని, దానిమీద మనస్సుతోబాటు బ్రదుకును సైతము నిలుపుకొనుట రెండవది. బైబిలు గ్రంథమును మన భాషలోనికి దెచ్చినవారు ఈ మాటనే యెన్నుకొని, నమ్మిక యను తేటతెలుగు పలుకును దానికి తోడుగా నిలిపిరి. సంఘమున జేరినవానికి నేటికిని విశ్వాసి యనియే పేరు. ఒక్క మాటలో రెండర్థములు కాపురముండుట ఏ భాషలోను వింత గాదు. కాని యా రెండర్థములును ఒకానొక కాలమున, ఒకానొక సీమలో, వేలకొలది మనుష్యుల బ్రదుకులలో ఎదురెదురుగా నిలిచి, నీది ఏ విశ్వాసమని వారిని నిలదీసి యడుగుట చరిత్రలో మిక్కిలి యరుదు. అట్టి సంగతి సుమారు నూటయేబది యేండ్ల క్రిందట, నెల్లూరు జిల్లాలో చేరియుండిన నాటి ఒంగోలు సీమలో జరిగినది.

దానికి పూర్వకథ కొంత కలదు. అమెరికా బాప్టిస్టుల తెలుగు మిషను 1836లో శామ్యూల్ డే విశాఖపట్టణమున నోడ దిగుటతో నారంభమైనది. ఆయన 1840లో నెల్లూరు చేరి యచట స్థిరపడెను. 1849లో లైమన్ జ్యూయెట్ వచ్చి యాయనకు తోడయ్యెను. వారు తెలుగు నేర్చిరి, వీధులలోను తిరునాళ్ళలోను బోధించిరి, బడులు పెట్టిరి. ఏండ్లు గడచినవి గాని పంట చేతికి రాలేదు. ఖర్చు భరించుచున్న వారికి సహజముగనే సందేహము పొడమెను. ఇంతటి ధనమును, ఇన్ని ప్రాణములను ఈ చవుటినేలలో బోయుటకంటె వేరొక క్షేత్రమున వెచ్చించుట మేలుగదా యను ప్రశ్న 1848లో నొకమారు లేచి యణగి, 1853లో న్యూయార్కు రాష్ట్రమందలి ఆల్బనీ నగరమున జరిగిన వార్షికసభలో మరల లేచెను. మిషను స్థలములను గుర్తించిన పటముమీద బంగాళాఖాతమున కీవల ఒక్క చుక్కయై కనబడు నెల్లూరును జూపి యెవరో దానిని ఒంటి నక్షత్రమనిరి. ‘అమెరికా’ యను దేశభక్తిగీతమును రచించి ప్రసిద్ధికెక్కిన శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ ఆ మాటను పట్టుకొని, రాత్రికి రాత్రి యా నక్షత్రమునుగూర్చి కొన్ని పద్యములు వ్రాసెను. మరునాడు వానిని చదువగా విన్నవారి మనస్సులు కరగినవి, క్షేత్రము నిలిచినది. లోన్ స్టార్ మిషను అను పేరు దానికి నాటినుండియే కలిగినది.

ఈ సంగతి యిచటివారికి చేరకమునుపో చేరినపిమ్మటనో గాని, 1854 జనవరి 1వ తేదీ తెల్లవారకమునుపే జ్యూయెట్ దంపతులు నరసు, జూలియా, రూతు అను ముగ్గురు తెలుగు క్రైస్తవులతో గూడి ఒంగోలు ప్రక్కనున్న కొండ యెక్కి, క్రింద మసకవెలుతురులో బరచియున్న పల్లెలను జూచి, ఈ సీమకు దైవసేవకు డొకడు రావలెనని మోకాళ్ళూని ప్రార్థించిరి. అయిదుగురు మనుష్యులు, ఒక బోడికొండ, చలికాలపు వేకువ. చరిత్రకారుని లెక్కలో నిది యేపాటి సంగతి? వారు కోరినవాడు ఒంగోలునకు వచ్చుటకు పండ్రెండేండ్లకు పైగా పట్టినది. అడిగిన మరుదినమే ఫలము చేతబడిన యెడల దానిని వ్యాపారమందుము; పండ్రెండేండ్లు కొండవైపు చూచుచు పనిచేయుటకే గాబోలు క్రైస్తవులు విశ్వాసమని పేరు పెట్టినది.

ఈలోపల 1862లో, అనారోగ్యముచే జ్యూయెట్ స్వదేశము చేరియున్న తరుణమున, మిషనును మూసివేయవలెనను మాట ముమ్మారుగా వచ్చెను. మీరు పంపినను పంపకున్నను నేను తిరిగి పోయి తెలుగువారి నడుమనే చత్తునని యాయన పట్టుబట్టగా, అట్లయిన నిన్ను పూడ్చిపెట్టుట కొక మనుష్యుని నీతో బంపవలసి యుండునుగదా యని కార్యదర్శి పరిహాసమాడెనట. పూడ్చిపెట్టుటకని వచ్చినవాడు జాన్ ఎవరెట్ క్లౌ. డే విశాఖపట్టణమున దిగిన 1836లోనే పుట్టినవాడు. బోధకుడు కాకమునుపు మిన్నెసోటా ప్రాంతమున గొలుసు పట్టి భూమి కొలిచిన సర్వేయరు. ఈ రెండవ విద్య యనంతరకాలమున నెట్లక్కరకు వచ్చెనో ముందు చెప్పబడును. ఆయన 1865లో నెల్లూరు చేరి, 1866 సెప్టెంబరులో ఒంగోలున గాపురము పెట్టెను. 1867 జనవరి 1వ తేదీని ఒంగోలు సంఘము స్థాపితమైనప్పుడు అందలి సభ్యులు ఎనమండుగురు.

అయితే ఈ కథకు కర్తలు దొరలు మాత్రమే యనుకొనుట పొరబాటు. క్లౌ ఒంగోలు చేరకమునుపే, ఎవరు పంపకయే, విశ్వాసమును వెదకికొని నడచిన తెలుగువా డొకడున్నాడు. ఆయన యెర్రగుంట్ల పేరయ్య. మాదిగ కులమున బుట్టి తోళ్ళ వ్యాపారము చేయుచు, ఊరూర దిరుగుచుండిన పేరయ్య అంతకు బూర్వమే రాజయోగమున నుపదేశము పొంది, నియమముగా ధ్యానము చేయుచు, తన చుట్టునున్న వారికి గురుస్థానమున నుండెను. విగ్రహములకు మ్రొక్కుటవలన దాహము తీరనివారై, దేవుడొక్కడే యని చెప్పు గురువుల పాదములకడ గూర్చుండి తత్త్వములు విన్నవారు ఆ కాలపు మాదిగపల్లెలలో పెక్కుమంది యుండిరి. ఉన్నతవిద్య యను మాట వినని వాడలలో పరతత్త్వ జిజ్ఞాస మాత్రము మెండుగ నుండెను. తోళ్ళ బేరమునకై పేరయ్య ఉత్తరదిశగా ఏలూరు వరకు బోయినప్పుడు అచట చర్చి మిషనరీ సంఘమువారి అలెగ్జాండరు దొర బోధ విని, తాను వెదకుచుండినది దొరకెనని తలచి, తన సీమకు దొర యెవడైన వచ్చునా యని కనిపెట్టుకొని యుండెను. 1866 మార్చిలో, క్లౌ ఇంకను నెల్లూరున నుండగనే, పేరయ్యయు నాతని భార్య నాగమ్మయు జ్యూయెట్ చేత బాప్తిస్మము పొందిరి. పేరయ్య తరువాత చేసిన పని చెప్పులు కుట్టుకొనువారి ప్రక్కన గూర్చుండి మాటాడుట. తోలుచుట్టలు మోసిన దారులే బోధకుని దారులైనవి. బేరమున గలిసిన బంధుమిత్రులే శ్రోతలైరి. 1867 జనవరిలో క్లౌ వారి పల్లెకు బోవునప్పటికి, చుట్టుప్రక్కల పల్లెలనుండి ముప్పది నలుబదిమంది స్త్రీపురుషులు తిండి మూటలతో వచ్చి చెట్లనీడను మకాము చేసియుండిరి. అయిదు దినములు విని, ప్రశ్నించి, ఇరువదెనిమిదిమంది బాప్తిస్మము పొందిరి.

వారినుండి యపేక్షింపబడినది పెద్ద వేదాంతపరీక్ష గాదు. ఆదివారమున పనిచేయగూడదు, చచ్చిన పశువుల మాంసము తినగూడదు, విగ్రహములకు మ్రొక్కగూడదు: ఈ మూడే నియమములు. వినుటకు మూడు ముక్కలు. పల్లెలో నిలువబెట్టునప్పుడు మాత్రము ఒక్కొక్కటి యొక పర్వతము. మాదిగవారు గ్రామమునకు చెప్పులు, వారులు, కపిలబానకు తోలు కుట్టియిచ్చి, కళ్ళమున మేర కొలిపించుకొనువారు; రైతు పిలిచినప్పుడు పోవలెను, జాతరలో డప్పు కొట్టవలెను, చచ్చిన గొడ్డును తీసికొనిపోవలెను. ఆదివారము రానన్న కూలివానిని సోమవారము రమ్మను రైతు లేడు. డప్పు మ్రోగని జాతరకు అమ్మవారి కోపము వచ్చునని యూరంతయు భయపడెను. ఆ భయము కోపమై క్రైస్తవుల గుడిసెలమీద బడెను. పనులు నిలిచిపోయినవి, మేరలు ముట్టలేదు. విశ్వాసమనగా తలలో నొక సిద్ధాంతము నొప్పుకొనుటయే యైనయెడల, దానిని దాచుకొని పూర్వమువలె బ్రదుకుట కేమడ్డము? ఆ పల్లెలలో విశ్వాసము డప్పుకర్రను క్రింద బెట్టిన చేతిలో నుండెను, ఆకలిమీద నుండియు చచ్చినగొడ్డువైపు పోని కాలిలో నుండెను. శాస్త్రార్థములు తెలియని వారు దాని మూల్యమును మాత్రము చక్కగ నెరిగిరి.

ఒంగోలులో మరొక చిక్కు కలిగెను. పట్టణములోని అగ్రవర్ణములవారు క్లౌ యెడ తొలుత సుముఖులై, తమ పిల్లలను ఆయన బడికి బంపిరి. మాదిగవారిని చేర్చుకొనినచో మేము రామని యనంతరము స్పష్టముగ జెప్పిరి. పైవారు చేరినచో క్రిందివారు తామే వత్తురను వాదమునకు నాడు పెద్దల మద్దతు లేకపోలేదు. క్లౌ దంపతు లిరువురును ఎటు తేల్చుకొననేరక వ్యాకులపడుచుండగా, ఒక రాత్రి వేర్వేరు గదులలో బైబిలు తెరచిన వారిద్దరి కన్నులును పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని యొకే చోట బడినవట: లోకము తక్కువగా నెంచినవారినే దేవుడు పిలిచెనను భావము గల ఘట్టమది. దీనిని దైవసంకేతమందురో, యాదృచ్ఛికమందురో చదువరుల యిష్టము. ఆ నిర్ణయముతో ఒంగోలు మిషను పట్టణమును గొంత పోగొట్టుకొని పల్లెలను సంపాదించుకొన్నది.

ఇట్లు పదేండ్లు గడచునప్పటికి ధాతనామ సంవత్సరము వచ్చెను. 1876లో వానలు తప్పినవి. మద్రాసు రాజధానిలో లక్షలమందిని బలిగొన్న ఆ క్షామమును తెలుగువారు ధాత కరువని యిప్పటికిని చెప్పుకొందురు. పైరులు మొలకలోనే మాడినవి, పశువులు పడినవి; కొనుటకు కాసు లేని వారు ఆకులలములు దిని వ్యాధులపాలైరి. రైతే పస్తుండగా రైతు కళ్ళముమీద నాధారపడిన మాదిగవాని కెవడు మేర కొలుచును? ఆ వేళ సర్కారువారు కరువుపనులలో భాగముగా తూర్పుతీరమున బకింగుహాము కాలువ త్రవ్వించుచుండిరి. తన పల్లెలవారు ఇతరుల పర్యవేక్షణమున దెబ్బలు తిని పనికి దూరమగుట జూచిన క్లౌ, మూడున్నర మైళ్ళ కాలువకు తానే గుత్త పుచ్చుకొని, పూర్వము మిన్నెసోటాలో నేర్చిన కొలతవిద్యతో పని పంపకము చేసి, తన బోధకులను మేస్త్రీలుగా నిలిపెను. మేస్త్రీ తమ భాష మాటాడువాడు, తమ యిండ్లెరిగినవాడు. సొమ్మసిల్లిన వానిని కొట్టక నీళ్ళిచ్చువాడు. కులమేదని యడుగక వేలమందికి పని దొరకెను. మధ్యాహ్నము విరామమున గట్టుమీద గూర్చున్న మేస్త్రీని కూలివాండ్రు నీ దేవుని మాట చెప్పుమని యడుగుచుండిరి.

మన మొదటి ప్రశ్న యిచటనే పుట్టినది. కాలువమీద పని యిచ్చిన చేతినుండియే బాప్తిస్మమును గూడ నిచ్చినచో, అది యే విశ్వాసము? ఉప్పు తిన్నందుకు చూపు విశ్వాసమా, లేక కానరానిదానిపై నిలుపు విశ్వాసమా? పెట్టిన గంజికి ప్రతిఫలముగా మతము మారిరను నింద పుట్టుటకు పొరుగువారి యసూయ యక్కరలేదు. పుచ్చుకొనువానికే తన మనస్సు తనకు తెలియక పోవచ్చును. ఆకలిగొన్నవాని కృతజ్ఞత అసత్యము గాదు, నిందింపదగినదియు గాదు. కాని యది ధాన్యపురాశితోబాటు తరిగిపోవునది. క్లౌ ఈ భేదము నెరిగినవాడగుటచే, కరువు తీరువరకు నొక్కరికైనను బాప్తిస్మ మియ్యనని నిశ్చయించెను. పదునైదు నెలలు ఆ నిశ్చయము చెక్కుచెదరలేదు. వేలమంది యడిగిరి, వేలమందిని ఆగుమనిరి. మతమును వ్యాపింపజేయుటకు వచ్చిన వాడు, చేరుదుమని తలుపు తట్టుచున్న వారికి తలుపు మూసి, తలుపునకావల వారిని పోషించుచు గూర్చుండుట మిషనుల చరిత్రలో తరచుగ గనబడు దృశ్యము గాదు. నన్నడిగినచో ఆ కాలమున ఒంగోలులో చేసిన బోధలన్నింటికంటె ఈ మౌనమే గొప్ప బోధ.

1878లో వానలు గురిసినవి. అది మన పంచాంగమున బహుధాన్యనామ సంవత్సరము. ధాత, ఈశ్వర గడచి బహుధాన్య వచ్చెను. కరువుపనులు ముగియుటతో ఇక పంచిపెట్టుటకు డబ్బు లేదని చెప్పుటకు క్లౌ తన బోధకులను ఒంగోలునకు ఉత్తరముగ పది మైళ్ళలో, గుండ్లకమ్మ యొడ్డునున్న వెల్లంపల్లికి రమ్మనెను. జనమును తీసికొనిరావలదని కూడ చెప్పి పంపెను. కాని జనము వచ్చెను. సహాయము ముగిసినది, నావద్ద మీకిచ్చుట కేమియు లేదని యాయన చెప్పగా వారు సహాయ మడుగుటకు రాలేదని బదులు చెప్పిరి. కాలువమీద పని చేసి తిన్నాము, అరచేతులలోని కాయలే దానికి సాక్ష్యము. మరల కరువు వచ్చి చచ్చినను సరే, క్రైస్తవులమై చత్తుము, మమ్మిక ఆపవలదనిరి. ఇయ్యవలసినది వట్టిపోయిన పిమ్మట వచ్చి నిలిచిన వారిని ఇక నే న్యాయమున ఆపగలరు? ఒక్కొక్క బోధకుడు తన పల్లెలవారిని వేరుగ గూర్చుండబెట్టి, ప్రశ్నించి, ఎరుగనివారిని త్రోసిపుచ్చి, తక్కినవారి పేర్లు వ్రాయించెను.

జూలై 2వ తేదీని 614 మంది, 3వ తేదీని 2,222 మంది, 4వ తేదీని 700 మంది, మూడు దినములలో మొత్తము 3,536 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మము పొందిరి. ఆషాఢ శుద్ధమున, బుధవారమునాటి యా 2,222 మందికి నీళ్ళలో నిలిచి బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు వంతున నేటిలో దిగి, అలసినప్పుడు గట్టెక్కి, వేరిద్దరు దిగుచు, ఉదయమునను అపరాహ్ణమునను కలిపి సుమారు తొమ్మిది గంటలకాలము ఆ పని సాగించిరి. క్లౌ ఆనాడు నీటిలో దిగలేదు; ఒడ్డున నిలిచి చూచెను. ఆ సంవత్సరాంతమునకు బాప్తిస్మము పొందినవారు తొమ్మిదివేల యారువందలకు మించిరి. బైబిలు చెప్పునట్లు యెరూషలేములో నొక్కదినమున మూడువేలమంది ముంపు బాప్తిస్మము పొందుట సాధ్యమా యని పాశ్చాత్యదేశములలో వాదించుకొనుచున్న పండితులకు గుండ్లకమ్మ యొక యుదాహరణమైనది. అది వారి ముచ్చట.

మనకు గావలసిన ముచ్చట వేరొకటి. ఇంతమంది యొక్కుమ్మడిగా వచ్చినచో అందొక్కొక్కని హృదయమును బరీక్షించుట యెట్లని స్వదేశమున గొందరు క్లౌను తప్పుపట్టిరి. విశ్వాసమనునది ఒంటరి యాత్మ దేవుని యెదుట నిలిచి చేసికొను నిర్ణయమని బాప్టిస్టుల మతము. క్లౌ పెరిగినదియు నా మతముననే. కాని మాదిగపల్లెలో నే కార్యమునైనను పెద్దలు రచ్చకడ గూర్చుండి తేల్చుదురు. పెండ్లియు కర్మయు తగవును అట్లే. భర్త యొకదారి భార్య యొకదారి, తమ్ముడు లోపల అన్న వెలుపల అగుచో ఆ పల్లె బ్రదుకు రెండు ముక్కలై కూలును. కావున క్లౌ వారి పెద్దరికమును చెడగొట్టక, ఆ కట్టుబాటునే సంఘమునకు కట్టుబాటుగ మలచుకొనెను. ఆయన మరణానంతరము 1914లో ప్రకటితమైన స్వీయచరిత్రమున ఈ సంగతియే ముఖ్యవిషయము: తాను తెచ్చిన మతము ఆ ప్రజల సాంఘికజీవనమున నిమిడి, తన్నే కొంత మార్చినదని యాయన దాచక యొప్పుకొనెను. నా తలపున నీ యొప్పుకోలు ఆ 2,222 సంఖ్యకంటె విలువైనది. కలిసి కరువు పడినవారు కలిసి నమ్ముట తక్కువ విశ్వాసమని చెప్పుటకు మన కేమి యధికారము?

అందరును నిలిచిరని చెప్పరాదు. ఇరువదివేలకు మించిన సభ్యులతో ఒంగోలు సంఘము ప్రపంచమందలి బాప్టిస్టు సంఘములలో కెల్ల పెద్దదని పేరొందిన నాడు సైతము, అన్ని పల్లెలకు చాలినంతమంది బోధకులు లేరు, బడులు లేవు. పేరు పట్టీలో మిగిలి మనస్సు పూర్వపు గూటికి బోయినవారును గలరు. కాని నిలిచినవారి బిడ్డలు బడికి బోయిరి, ఉపాధ్యాయులైరి, నర్సులైరి, బోధకులైరి. తాత కాలమున ఊరిబావి గట్టెక్కుట కనుమతి లేనివాని మనుమడు అదే యూరి పిల్లలకు అక్షరాభ్యాసము చేసెను. ఒంగోలులో జ్యూయెట్ పేరిట దేవాలయమును, క్లౌ పేరిట ఆసుపత్రియు వెలసినవి. పేరయ్య పేరు మాత్రము పుస్తకములలోను, పల్లెలలో పాతతరమువారి నాలుకలమీదను మిగిలినది.

ఇక నొక్కమాట. స్వతంత్రభారతమున 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హైందవేతర మతము నవలంబించినవానిని షెడ్యూల్డు కులమువానిగ నెన్నరాదని విధించెను. తరువాత సిక్ఖులకు 1956లోను, బౌద్ధులకు 1990లోను సడలింపు గలిగినది గాని క్రైస్తవులకు గలుగలేదు. పేదరికమునను అంటరానితనమునను తేడా లేకున్నను, దేవాలయపు పట్టీలో విశ్వాసి యని పేరు వ్రాయించుకొన్నవాడు సర్కారు పట్టీలో నొక హక్కును వదలుకొనవలసి వచ్చినది. కొందరు రెండు పట్టీలలో రెండు పేర్లు పెట్టుకొనిరి. వారిని నిందించుటకు ముందు వారి యింటి కుండలోని గింజలు లెక్కించి చూడవలెను. అయినను, కరువునాడు మత మిచ్చి గింజలు కొనుచున్నారను నింద యెవరిమీద బడెనో, వారి సంతతివారే మతమునకై గింజలు వదలుకొనుచుండుట చరిత్ర చేసిన విచిత్రమైన సమాధానము. ఉప్పు తిన్న విశ్వాసము ఉప్పు నిలిచిపోయిననాడు చల్లారును. ఇయ్యవలసినది లేదని దొర చెప్పిన పిమ్మట గుండ్లకమ్మలో దిగినది అది గాదు.